రాయగడలో మా తెలుగు పిల్లల ఉద్యోగ సెంటర్: ఒడియా నాలుగు, మన ఎనిమిది

సెంటర్ పేరు రాయడం లేదు. మా ఊరివాళ్ళకి పేరుతో పనిలేదు. మందుల షాపు మీద రెండు గదులు, మెట్ల మొదట్లో ఎప్పుడూ ఎవరిదో ఒక స్కూటర్ అడ్డం అంటే పోల్చేసుకుంటారు. బయటి ఊళ్ళవాళ్ళకి పేరు చెప్పినా ఒరిగేదేమీ లేదు. పైగా నేను రాయబోయేదాంట్లో పొగడ్తా ఉంది, తిట్టూ ఉంది. రేపు సాయంత్రం మళ్ళీ అవే మెట్లెక్కాల్సినదాన్ని.

నేను బ్లౌజులు కుడతాను. పుట్టిల్లు పార్వతీపురం. పెళ్ళై ఒడిశాలోని రాయగడ వచ్చి ఇరవయ్యారేళ్ళయింది. మా మావగారు బొబ్బిలి పక్క పల్లె నుంచి పేపర్ మిల్లు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. జేకేపూర్‌లో ఆ మిల్లు 1962లో మొదలైంది. మిల్లు మాట అలా ఉంచండి, 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా ఇదంతా విశాఖపట్నం జిల్లానే. కాబట్టి మేం వలస వచ్చామా, సరిహద్దు గీత మా మీంచి వెళ్ళిందా అన్నది ఇంటింటికీ వేరేగా ఉంటుంది. మజ్జిగౌరమ్మ గుడి దగ్గర నిలబడితే సగం మంది తెలుగులోనే మొక్కుకుంటారు.

మాట్లాడ్డానికి మాకెవరికీ ఇబ్బంది లేదు. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో సగానికి పైగా ఒడియావాళ్ళే. హాతొ (చెయ్యి) ఎంత, బెకొ (మెడ) ఎంత, అంటా (నడుం) ఎంత అని అడిగి కొలత తీసుకుంటాను. కానీ కొలతల పుస్తకంలో పేరు రాసేది తెలుగులో, అంకెలు వేసేది ఇంగ్లీషులో. ఇరవయ్యారేళ్ళలో ఒక్క ఒడియా అక్షరం నా చేత్తో రాయలేదు. రాయాల్సిన అవసరం రాలేదు, అంతే. ఆ అవసరం మా పెద్దోడి రూపంలో వచ్చింది.

వాడు పార్వతీపురంలో అమ్మమ్మ దగ్గర ఉండి పది చదివాడు. తర్వాత అటే ఐటీఐ, ఎలక్ట్రీషియన్ ట్రేడ్, రెండేళ్ళు. అప్పుడు మేం చేసింది మంచి పనే అనుకున్నాం. సర్టిఫికెట్ చేతికొచ్చాక తెలిసింది అసలు సంగతి. అటువైపు ఉద్యోగానికి వెళ్తే, మీ కుల సర్టిఫికెట్ ఒడిశాది, ఇక్కడ రిజర్వేషన్‌కి చెల్లదు అంటారు. ఇటు ఒడిశా ప్రభుత్వ నోటిఫికేషన్ తీస్తే అందులో ఒక పేరా ఉంటుంది: ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి, ఏడో తరగతి స్థాయిలో ఒడియా ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలి, లేదంటే ఆ స్థాయి ఒడియా పరీక్ష విడిగా పాసవ్వాలి. మావాడు ఒడియాలో బూతులు కూడా తిట్టగలడు, ఆ కాగితం మాత్రం లేదు. పోనీ ప్రైవేటుకి వెళ్దామంటే, గేటు దగ్గర ఇచ్చే ఫారమ్ ఒడియాలో ఉంటే నింపలేడు.

అలాంటి పిల్లల కోసమే ఈ సెంటర్ తెరిచారు. ముగ్గురు కలిసి పెట్టారు. గదులు ఇచ్చింది మా ఊళ్ళో తెలుగువాళ్ళ సంఘం. కంప్యూటర్లు, కుర్చీలు ఒక కంపెనీ తన సామాజిక సేవ ఖాతాలో ఇచ్చింది. నడిపేది బయటి నుంచి వచ్చిన ఒక ట్రైనింగ్ ఏజెన్సీ. మూడు నెలలకి ఫీజు 1,500 రూపాయలు, రెండు వాయిదాల్లో కట్టొచ్చు. సాయంత్రం ఒడియా చదవడం, రాయడం. వారానికి రెండు రోజులు రెజ్యూమె, ఇంటర్వ్యూ ప్రాక్టీసు. నెలకి ఒకసారి కంపెనీలవాళ్ళు వస్తారని పాంప్లెట్‌లో వేశారు.

ప్రారంభోత్సవానికి నేనూ వెళ్ళాను. సంఘం పెద్దాయన ఒకరు రాజ్యాంగంలో 350బి అధికరణ గురించీ, దాని ప్రకారం 1957లో పెట్టిన భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ గురించీ ముప్పావుగంట మాట్లాడారు. అన్నీ నిజాలే. నాకు తెలియనివి కూడా. కానీ ఆ ముప్పావుగంటా గదిలో ఫ్యాన్ తిరగలేదు. ముందు వరసలో కూర్చున్న పదహారు మంది ఎలక్ట్రీషియన్లలో ఒక్కడికీ లేచి చూద్దామని తోచలేదు, లేదా ధైర్యం చాలలేదు.

ముందు మంచి చెప్తాను, ఎందుకంటే అది నిజంగా చాలా బాగుంది. ఒడియా మాస్టారు.

ఆయన రిటైరైన స్కూలు మాస్టారు. ఇంట్లో తెలుగు, జీతమిచ్చిన భాష ఒడియా. మొదటి రోజు బోర్డు మీద మన క రాసి పక్కన ఒడియా క రాశారట. "మన అచ్చరానికి తలకట్టు. ఆళ్ళ అచ్చరానికి గొడుగు. గొడుగు ఎలాగూ అందరికీ ఉంటాది, దాన్నొదిలీండి. గొడుగు కింద ఎవుడున్నాడో సూడండి" అన్నారట. మావాడు ఇంటికొచ్చి ఆ ముక్క చెప్పినప్పుడు నేను మిషను ఆపేసి విన్నాను. ఇన్నేళ్ళూ బస్సుల మీద, దుకాణాల మీద నాకు కనపడింది అక్షరాల మీది ఆ గుండ్రటి గొడుగులే. అన్నీ ఒకేలా ఉంటాయి కదా, ఇవెలా చదువుతారో అనుకునేదాన్ని. కింద చూడాలని ఎవరూ చెప్పలేదు.

రెండో రోజు పలుకు. కమల అని రాసి కొమొళొ అని చదవాలి. మన అ అక్కడ ఒ అవుతుంది. మాటలో మాకది అలవాటే, కాగితం మీద మాత్రం తెలుగు బుర్ర అడ్డం పడుతుంది. మాస్టారు వర్ణమాల పుస్తకం పట్టించలేదు. కరెంటు బిల్లు తెమ్మన్నారు. రేషన్ కార్డు తెమ్మన్నారు. గోడకి అంటించిన హెచ్చరిక బోర్డులు ఫోన్‌లో ఫొటో తీసి తెమ్మన్నారు. బిపొదొ అంటే ప్రమాదం, సాబొధానొ అంటే జాగ్రత్త, ఎలక్ట్రీషియన్‌కి ముందు రావాల్సినవి ఈ రెండు మాటలే కదా. మూడో వారంలో సెలవు చీటీ రాయించారు. ఛుటి పాయిఁ దొరొఖాస్తొ అని పైన రాసి కింద నాలుగు వాక్యాలు. మావాడు వాళ్ళ నానమ్మకి జ్వరం అని రాశాడు. నానమ్మ పోయి ఆరేళ్ళయింది. మాస్టారు కింద ఎర్ర పెన్నుతో, చదువుతున్నవాళ్ళు అబద్ధాలు ముందే నేర్చేసుకుంటారు అని తెలుగులో రాసి, తప్పులు రెండే ఉన్నాయని మెచ్చుకున్నారు.

ఈ క్లాసుకి ఐదుకి ఐదు. ఇంక చెప్పేదేం లేదు.

తర్వాతది ప్లేస్‌మెంటు. అక్కడే నాకు కాలింది.

గోడ మీద పెద్ద ఫ్లెక్సీ ఉంది, మా భాగస్వాములు అని. పద్నాలుగు కంపెనీల బొమ్మలు. మూడు నెలల్లో నేను లెక్కపెట్టాను, మనిషంటూ వచ్చింది రెండు చోట్ల నుంచే. అందులో ఒకరు తమిళనాడులోని తిరుపూర్ బట్టల ఫ్యాక్టరీకి పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చారు. హాస్టల్, తిండి, బస్సు అంతా మాదే అన్నారు. ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ ఉన్నవాణ్ణి అల్లిక మిషను దగ్గర నిలబెడతారట. రాయగడలో పేపర్ మిల్లు ఉంది, తేరుబలిలో ఫెర్రో ఎల్లాయ్స్ ఉంది, టికిరి వైపు అల్యూమినా రిఫైనరీ ఉంది, వీటన్నిటి చుట్టూ ఎన్ని కాంట్రాక్టు పనులుంటాయో మా వీధిలో పసిపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. మరి తిరుపూర్ ఎందుకు? ఏజెన్సీలో పనిచేసే అమ్మాయిని మెల్లగా అడిగితే నిజం చెప్పింది, పాపం. వాళ్ళు అంతకుముందు ప్రభుత్వ స్కీముల సెంటర్లు నడిపారు. 2014లో వచ్చిన దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో శిక్షణ పొందినవాళ్ళలో నూటికి డెబ్బై మందికి తగ్గకుండా ఉద్యోగం చూపించాలి. ఒక్కొక్కణ్ణి ఒక్కో కాంట్రాక్టర్ దగ్గర పెట్టేకన్నా ఒకే బస్సులో ముప్పై మందిని ఎక్కిస్తే లెక్క తొందరగా తేలుతుంది. ఈ సెంటర్ ఆ స్కీము కింద లేదు, ఆ లెక్క అడిగేవాళ్ళూ లేరు. అలవాటు మాత్రం అలాగే ఉండిపోయింది.

సరే, రెండో మనిషి ఇక్కడి కాంట్రాక్టరే. ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని, ఇద్దరు ఎలక్ట్రీషియన్లు కావాలన్నాడు. మావాడి పేరు రాసుకున్నారు. తేదీ మెసేజ్ పెడతాం అన్నారు.

మెసేజ్ నా ఫోన్‌కి వచ్చింది. మావాడు ఆ వారం తేరుబలిలో ఎవరింట్లోనో వైరింగ్ పనికి వెళ్ళి అక్కడే పడుకుంటున్నాడు. ఫారమ్‌లో నా నంబరే ఇచ్చాడు, వాడి ఫోన్ రీచార్జి నెలకి పదిరోజులే ఉంటుంది కాబట్టి. మెసేజ్ అంటే మాటలు కాదు, ఒక కాగితాన్ని ఫొటో తీసి పంపారు. మొత్తం ఒడియా. అంకెలతో సహా. అప్పటికి మావాడి దగ్గర విని నాకూ నాలుగక్షరాలు వచ్చాయి కదా అని కళ్ళజోడు పెట్టుకుని నేనే చదివాను. కాంట్రాక్టర్ పేరు కూడబలుక్కున్నాను. టైము పది గంటలు, అదీ తెలిసింది. తేదీ 18. వాడికి ఫోన్ చేసి 18 అని చెప్పాను. నీలం చొక్కా ఇస్త్రీ చేసి పెట్టాను.

ఒడియా నాలుగు ఎలా ఉంటుందో మీలో ఎంతమందికి తెలుసో. మన ఎనిమిదిని రాస్తూ రాస్తూ పై సున్నాకి మూత పెట్టడం మర్చిపోతే ఎలా ఉంటుంది, అలా ఉంటుంది. కింద గుండ్రం, పైన నోరు తెరుచుకుని. సెల్‌ఫోన్‌లో మసక ఫొటో, పక్కన స్టాంపు ముద్ర. నాకది ఎనిమిదిలానే కనపడింది.

18న తల్లీ కొడుకులం ఇద్దరం వెళ్ళాం. అక్కడ టేబుల్ దగ్గర కూర్చున్నాయన కాగితం చూసి, "మావుసీ, చారి దినొ హెలాణి" అన్నాడు. నాలుగు రోజులైపోయింది పిన్నీ అని. చారి అన్న మాట చెవికి నాలుగని ఠక్కున తెలిసింది. కంటికి తెలియలేదు. మావాడు నన్నొక్క మాట అనలేదు. దారంతా మాట్లాడకుండా బండి నడిపాడు. అంతకన్నా రెండు తిట్టి ఉంటే బాగుండేది.

నేరుగా సెంటర్‌కి వెళ్ళాను. ప్లేస్‌మెంట్ చూసే అబ్బాయి కటక్ వైపువాడు, మర్యాదస్థుడే. "పిల్లలు ఒడియా నేర్చుకోవాలి కదా మావుసీ, అందుకే ఒడియాలోనే పంపుతున్నాం" అన్నాడు. నేర్చుకోవడానికి ఉద్యోగం తేదీయే దొరికిందా బాబూ అన్నాను. ఒడియా రాని పిల్లల కోసమని సెంటర్ పెట్టి, ఒడియా వస్తేగానీ అర్థం కాని మెసేజ్ పంపితే, ఈత రానివాడికి ఈత పాఠం చెరువు నడుమ చెప్పినట్టు. అతను తల దించుకున్నాడు. తర్వాత నీళ్ళు తాగమని గ్లాసు ఇచ్చాడు. అంతసేపు అరిచినందుకు తర్వాత నాకే ఎలాగో అనిపించింది. కానీ అరవాల్సిందే.

ఆ రాత్రి మా అప్ప కొడుకు వీడియో కాల్ చేశాడు. వాడు 2023లో ఎం.ఎస్. చదవడానికి మాంట్రియల్ వెళ్ళాడు. కెనడాలో క్విబెక్ అనే రాష్ట్రంలో పెద్ద ఊరు అది. నేను చీర ఫాల్ కుడుతూ జరిగిందంతా చెప్పాను. నీకేం రా, ఇంగ్లీషుంది, దున్నుకుంటావు అన్నాను. వాడు నవ్వి, "ఇక్కడ ఒట్టి ఇంగ్లీషు చిల్లిగవ్వ చెయ్యదు పిన్నీ. నేను ఇక్కడ మైనారిటీని" అన్నాడు.

తెలుగువాడు కాబట్టి మైనారిటీ అనుకున్నాను. కాదట. ఇంగ్లీషువాడు కాబట్టి! మనకి ఇంగ్లీషు అంటే ఉద్యోగం, ఇంగ్లీషు మీడియం కోసం పుస్తెలు తాకట్టు పెట్టే జనం మనం. ప్రపంచంలో ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాడికి ఉద్యోగం వెతికిపెట్టడానికి సంఘాలు పెట్టుకునే చోటు ఒకటుందంటే, సూది పక్కన పెట్టి కొలతల పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నాను వాడు చెప్పినవన్నీ.

అక్కడ ప్రభుత్వ భాష ఫ్రెంచ్. 1977లో ఫ్రెంచ్ భాషా చార్టర్ అని చట్టం చేశారు. పనిచేసే చోట భాష ఫ్రెంచే అన్నారు. 2022లో ఇంకో చట్టంతో దాన్ని బిగించారు. మునుపు యాభైమంది, ఆపైన ఉన్న కంపెనీలకి ఉన్న నిబంధనలు 2025 జూన్ 1 నుంచి పాతికమంది ఉన్న కంపెనీల దాకా దిగాయి, వాళ్ళు కూడా ఫ్రెంచ్ భాష సంగతి చూసే ప్రభుత్వ ఆఫీసులో నమోదు చేసుకోవాలి. తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. ఇంగ్లీషు సముద్రం మధ్యలో వాళ్ళ భాష నిలబడాలి మరి. ఒడియావాళ్ళు 1936లో రాష్ట్రం తెచ్చుకున్నదీ ఆ బాధతోనే కదా. కానీ క్విబెక్‌లో ఇంగ్లీషు వాడుకునేవాళ్ళు పన్నెండున్నర లక్షల మంది ఉన్నారు. 2021 జనాభా లెక్కల్లో వాళ్ళలో నిరుద్యోగం నూటికి 10.9, ఫ్రెంచ్‌వాళ్ళలో 6.9.

నేను పుస్తకంలో రెండు గీతలు కొట్టి పెట్టుకున్నది దీని తర్వాత చెప్పిన ముక్క. ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్ళలో మూడింట రెండొంతుల మందికి ఫ్రెంచ్ మాట్లాడటం వచ్చట. మరెందుకు ఉద్యోగం రాదు? ఆఫీసులో ఉత్తరం రాయడానికి, రిపోర్టు రాయడానికి సరిపోయేంత ఫ్రెంచ్ చాలామందికి ఉండదు, ఉన్నా ధైర్యం ఉండదు. నోటికొచ్చిన భాష చేతికి రాదు. అట్ట మీద ఇది రాసుకుని, పక్కనే నా కొలతల పుస్తకం లోపలి పేజీ తిప్పి చూశాను. ఒడియా ఆడవాళ్ళ పేర్లన్నీ తెలుగులో.

వాడు ఉద్యోగం కోసం అక్కడ ఇంగ్లీషువాళ్ళకి సాయం చేసే ఒక సంస్థకి వెళ్ళాడు. కౌన్సెలర్ మొదటి రోజు ఫ్రెంచ్ వచ్చా అని అడగలేదట. ఆలస్యంగా వస్తున్నానని నీ సూపర్‌వైజర్‌కి రెండు లైన్లు ఫ్రెంచ్‌లో రాసి చూపించు అందట. రాయలేకపోయాడు. అయితే నీకు కావాల్సింది ఈ రెండు లైన్ల ఫ్రెంచ్, కథల ఫ్రెంచ్ కాదు అని చెప్పి క్లాసులో చేర్పించింది. మన మాస్టారికీ ఆవిడకీ ఎవరు ఉత్తరం రాశారో గానీ ఇద్దరిదీ ఒకే పద్ధతి. రెజ్యూమె కూడా మార్పించింది. ఫొటో తీసెయ్, పుట్టిన తేదీ తీసెయ్, తండ్రి పేరు తీసెయ్ అందట. మా సెంటర్ తయారుచేసిన రెజ్యూమెలో మావాడి పేరుకన్నా తండ్రి పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. చివర్లో పైన రాసినవన్నీ నిజమని ప్రమాణం కూడా చేయించారు, కోర్టులో చేయించినట్టు.

అక్కడంతా పాలూ తేనే అని కాదు. ఫ్రెంచ్ క్లాసులు ప్రభుత్వమే ఉచితంగా చెప్తుంది, 2023 జూన్‌లో దానికోసమే ఫ్రాన్సిజేషన్ క్విబెక్ అని ఒకటి మొదలుపెట్టింది. పనిచేసే కంపెనీలోనే క్లాసు పెట్టే ఏర్పాటు కూడా ఉంది. కానీ 2024 ఆఖర్లో డబ్బు చాలక చాలా చోట్ల క్లాసులు మూసేశారు. ఫ్రెంచ్ రావాలనేదీ వాళ్ళే, క్లాసు మూసేదీ వాళ్ళే అని అప్ప కొడుకు కోపంగా అన్నాడు. నాకు మాత్రం కాస్త ఊరటగా అనిపించింది. మనమొక్కళ్ళమే కాదన్నమాట.

ఇంకొకటి చెప్పాడు, దానివల్లే ఈ రివ్యూ రాస్తున్నాను. ఇంగ్లీషువాళ్ళతో సంబంధాలు చూడటానికి 2017లో ఆ ప్రభుత్వం ఒక సచివాలయం పెట్టింది. 2020లో ప్రొవిన్షియల్ ఎంప్లాయ్‌మెంట్ రౌండ్‌టేబుల్ అని ఇంకొక సంస్థ వచ్చింది. అది ఎవరికీ ఉద్యోగం ఇప్పించదు. ఉద్యోగ సాయం చేసే సంస్థల్నీ, యజమానుల్నీ, చదువు చెప్పేవాళ్ళనీ, ప్రభుత్వాన్నీ ఒకచోట కూర్చోబెడుతుంది. ఏ ప్రాంతంలో ఎవరికి ఎందుకు ఉద్యోగం దొరకడం లేదో లెక్కలు తీసి ముందు పెడుతుంది. పేరే రౌండ్‌టేబుల్.

మా సెంటర్‌లోనూ ఒక బల్ల ఉంది. గుండ్రటిది కాదు, కాలు ఒకటి పొట్టి, కింద మడతపెట్టిన అట్టముక్క పెట్టారు. దాని చుట్టూ ముగ్గురు భాగస్వాములు ఒకే రోజు కూర్చోగా నేను చూసింది ప్రారంభోత్సవం నాడే. ఆ తర్వాత ఎవరి లెక్క వాళ్ళది. కంపెనీకి కావాల్సింది ఎంతమంది చేరారు, ఫొటోలు వచ్చాయా. ఏజెన్సీకి కావాల్సింది ఎంతమంది బస్సెక్కారు. సంఘానికి కావాల్సింది ఉగాది స్టేజి మీద చెప్పుకోవడానికి ఒక మాట. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. కానీ మూడు నెలల తర్వాత ఈ పిల్లాడు గేటు దగ్గర ఫారమ్ నింపగలడా లేదా అని లెక్క రాసుకునేది మాస్టారొక్కరే. ఆయన ఈ ముగ్గురిలో ఎవరి మనిషీ కాదు. నెలకి ఇంత అని ఇస్తారు, రెండు నెలలకోసారి.

ఇంకో లోటు కూడా రాసేస్తాను, పిల్లలకి పనికొస్తుంది. రైల్వే నియామక బోర్డుల కంప్యూటర్ పరీక్ష పదిహేను భాషల్లో రాయొచ్చు, అందులో తెలుగూ ఉంది, ఒడియా కూడా ఉంది. ఐటీఐ పిల్లలకి రైల్వేలో టెక్నీషియన్ పోస్టులు పడతాయి. దానికి ఒడియా పాస్ కాగితం అక్కర్లేదు. మా రాయగడకి కొత్తగా రైల్వే డివిజన్ వచ్చింది, 2025 జనవరి 6న దాని ఆఫీసు భవనానికి ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. డివిజన్ వస్తే ఉద్యోగాలన్నీ ఊళ్ళోవాళ్ళకే అనుకునేవాళ్ళకి ఒక మాట: నియామకం బోర్డు పరీక్షతోనే, ఊరి పేరు చూసి ఇవ్వరు. కానీ తెలుగులో పరీక్ష రాసే దారి ఉందని భాష కోసం పెట్టిన సెంటర్‌లో మూడు నెలల్లో ఒక్కరూ చెప్పలేదు. మావాడికి ఈ సంగతి చెప్పింది టీ కొట్టు దగ్గర ఒక ట్రాక్‌మన్.

నా అరుపు తర్వాత కొంత మారింది, అది కూడా చెప్పకపోతే అన్యాయం. ఇప్పుడు మెసేజ్ రెండు భాషల్లో వస్తోంది. తేదీ ఇంగ్లీషు అంకెల్లో వేసి, పక్కన వారం పేరు కూడా రాస్తున్నారు. కటక్ అబ్బాయి ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి గుర్తు చేస్తున్నాడు. ఫ్లెక్సీ మాత్రం అలాగే ఉంది, పద్నాలుగు బొమ్మలతో. సంఘం పెద్దాయన్ని పట్టుకుని, మీరు ముగ్గురూ నెలకొక్కసారి ఆ కుంటి బల్ల దగ్గర కూర్చోండి, మాస్టార్ని కూడా పిలవండి అని అడిగాను. "అలాగేనమ్మా, సూద్దాం" అన్నారు. రెండుసార్లు కూర్చున్నారు. మూడోసారి కంపెనీ ఆయన రాలేదు.

మావాడికి రెండో నెలలో ఇంకో కాంట్రాక్టర్ దగ్గర పని దొరికింది. అది సెంటర్ చూపించిందే, న్యాయంగా చెప్పాలంటే. నెలకి 13,500, ఓవర్‌టైమ్ వేరే. గేటు దగ్గర ఇచ్చిన ఫారమ్ వాడే నింపాడు, పక్కనున్న ఇద్దరివి కూడా నింపి పెట్టాడట. ఏడో తరగతి స్థాయి ఒడియా పరీక్షకి చదువుతున్నాడు. కాగితం చేతికొస్తే ప్రభుత్వ నోటిఫికేషన్లకి కూడా అప్లై చేసుకోవచ్చు.

ఉద్యోగం చూపించడానికి ఐదుకి రెండున్నర వేస్తున్నాను. మొదట రెండే వేద్దామనుకున్నాను. ఆ అర కటక్ అబ్బాయి ఫోన్లకి.

నేను ఎందుకు మెట్లెక్కుతున్నానంటే, పోయిన నెల నుంచి క్లాసులో నేనూ కూర్చుంటున్నాను. నలభైతొమ్మిదేళ్ళ దాన్ని, చివరి బెంచీ. ఫీజు సగమే తీసుకున్నారు, ప్లేస్‌మెంట్ అక్కర్లేదన్నానని. మాస్టారు అంకెల రోజున నన్ను బోర్డు దగ్గరికి పిలిచి నాలుగు వెయ్యమన్నారు. క్లాసంతా నవ్వింది, కథ అందరికీ తెలుసు మరి. నిన్న ఒక ఒడియా ఆవిడ భుజం కొలత 14 వస్తే ఒడియాలోనే వేశాను. వేసి, నమ్మకం చాలక, పక్కన ఇంగ్లీషులో కూడా వేసుకున్నాను.

చేరాలనుకునేవాళ్ళకి: కొత్త బ్యాచ్ ప్రతి మూడు నెలలకి. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర. ఆధార్ జిరాక్సులు రెండు, ఫొటోలు రెండు, ఐటీఐ లేదా పది మార్కుల జాబితా. ఆరు కంప్యూటర్లలో నాలుగే పనిచేస్తాయి, కాబట్టి ఐదింటికల్లా వెళ్ళండి. ఆడపిల్లలకి బాత్రూమ్ ఉంది, తాళం కింద మందుల షాపులో అడగాలి. ఫ్యాన్ బాగుచేశారు. చేసింది మావాడే.